మత్తు డాక్టరు ఎవరని అడిగారా?

పిల్లవాడికి టాన్సిల్స్ తీయాలనో, హెర్నియా ఆపరేషన్ చేయాలనో చెప్పగానే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒక్కటే. సర్జన్ ఎవరండీ, హస్తవాసి మంచిదేనా? పక్కింటి పిన్నిగారి దగ్గర్నుంచి మందుల షాపు అబ్బాయి దాకా అందరి దగ్గరా వాకబు చేస్తాం. మరి ఆపరేషన్ అయ్యేదాకా బిడ్డ ఊపిరీ, గుండే, ఒంటి వేడీ కనిపెట్టుకుని తల దగ్గరే ఉండే మత్తు డాక్టరు ఎవరో ఎంతమందిమి అడుగుతున్నాం చెప్పండి? బిల్లులో ఫీజు చూశాకే చాలామందికి అలాంటి మనిషి ఒకరున్నారని తెలుస్తుంది!

చిన్నపిల్లలకి మత్తు ఇవ్వడమంటే పెద్దవాళ్ల చొక్కాని కత్తిరించి కుట్టడం లాంటిది కాదు. మందు బరువుని బట్టి లెక్క కట్టాలి. శ్వాసనాళం సన్నం, కాస్త వాచినా గాలి ఆడదు. పసివాళ్ల ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది. అందుకే ఈ పని చేసే డాక్టర్లు వేరే సంఘాలు పెట్టుకున్నారు. బ్రిటన్, ఐర్లండ్ వాళ్లది 1973లో, అమెరికా వాళ్ల 'సొసైటీ ఫర్ పీడియాట్రిక్ అనస్థీషియా' 1986లో మొదలయ్యాయి. పిల్లల నొప్పి చూసే డాక్టర్లకి అక్కడ ఇంకో సంఘం కూడా ఉంది. మన దేశంలో 'ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పీడియాట్రిక్ అనస్థీషియాలజిస్ట్స్' ఉంది.

డాక్టర్ల సంఘాలతో మనకేం పని అంటారా? ఈ సంగతి వినండి. 1985లో అమెరికాలోని వాషింగ్టన్‌లో జెఫ్రీ లాసన్ అనే బాబు నెలలు నిండకుండా పుట్టాడు. గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. కొన్ని వారాలకి పిల్లాడు దక్కలేదు. తర్వాత తల్లి జిల్ లాసన్‌కి తెలిసిన నిజం వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ బాబుకి కదలకుండా చేసే మందే ఇచ్చారు తప్ప నొప్పి తెలియకుండా చేసే మందు ఇవ్వలేదు! అదేమని అడిగితే, అంత చిన్నపిల్లలకి నొప్పి తెలుస్తుందని రుజువు లేదన్నారట. బిడ్డను కన్న ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది కదండీ!

ఆవిడ ఏడ్చి ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, 1986లో అవి పత్రికలకెక్కి పెద్ద చర్చ అయింది. ఇంకోవైపు మన ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు ఇదే ప్రశ్న పట్టుకున్నారు. నెలలు నిండని పిల్లలకి ఆపరేషన్‌లో నొప్పి మందు కూడా ఇస్తే తర్వాత బాగా కోలుకుంటున్నారని 1987లో లెక్కలతో చూపించారు. పసిపిల్లలకి కూడా నొప్పి తెలియకుండానే ఆపరేషన్ చేయాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ ఆ ఏడాదే ప్రకటించింది.

అలా చేసిన డాక్టర్లంతా కసాయివాళ్లు కాదండీ. కాలేజీలో అలాగే నేర్పారు, అలాగే చేశారు. ఇరవై ఏళ్ల కిందట నేర్చుకున్నది మారిందని వాళ్లకి చెప్పేదెవరు? సంఘంలో చేరడం వల్ల ప్రయోజనం అదే. సభ్యత్వ రుసుము కడితే పత్రిక వస్తుంది, ఏటా మహాసభ జరుగుతుంది, బొమ్మల మీద కొత్త పద్ధతులు సాధన చేయిస్తారు. అమెరికా సంఘం పెట్టిన 'వేక్ అప్ సేఫ్' అనే ఏర్పాటు నాకు బాగా నచ్చింది. అందులో చేరిన ఆసుపత్రులు తమ దగ్గర జరిగిన పెద్ద పొరపాట్లని పేర్లు బయటపెట్టకుండా ఒకచోట చేరుస్తాయి. ఒకచోట జరిగింది చూసి మిగతావాళ్లు జాగ్రత్త పడతారన్నమాట. కూర మాడిందని ఒప్పుకోని మనుషులున్న లోకంలో అది చిన్న విషయమా!

అలాగని గోడ మీద సభ్యత్వ పత్రం చూసి మురిసిపోకండి. అది డిగ్రీ కాదు. అర్హత ఉండి రుసుము కట్టినవాళ్లకి ఇస్తారు, చేతి పనితనానికి హామీ అనుకోకూడదు. చిన్న ఊళ్లలో అన్ని వయసులవాళ్లకీ మత్తు ఇచ్చే డాక్టరు ఒక్కరే ఉంటారు. ఏ సంఘంలోనూ లేకపోయినా వందల మంది పిల్లల్ని జాగ్రత్తగా చూసినవారు ఉండొచ్చు. నన్నడిగితే సభ్యత్వం కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ వయసు పిల్లలకి మీరు తరచూ మత్తు ఇస్తుంటారా? మెలకువ వచ్చాక నొప్పికి ఏమిస్తారు, రాత్రి ఇంటి దగ్గర ఏమివ్వమంటారు? విసుక్కునే డాక్టరైతే విసుక్కోనివ్వండి, అడగడం మాత్రం మానకండి.

మాటలు రాని బిడ్డకి నొప్పి ఎంత ఉందో చూడటానికి ఆసుపత్రుల్లో ఐదు గుర్తులు చూస్తారు. ముఖం చిట్లించడం, కాళ్లు ముడుచుకోవడం, ఒళ్లు మెలికలు తిప్పడం, ఏడుపు, ఎత్తుకున్నా ఊరడిల్లకపోవడం. ఇవి మనకి కొత్తవా? 'మామూలుగా ఇలా ఏడవడండీ' అని మీకనిపిస్తే నర్సుతో గట్టిగా చెప్పండి.

ఇక పరగడుపు సంగతి. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. సాధారణంగా ఆవుపాలు, గేదెపాలు, డబ్బాపాలు ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపమంటారు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా పట్టొచ్చంటారు, కొన్నిచోట్ల ఇంకా తక్కువే. మీ డాక్టరు ఏ గంట చెబితే అదే లెక్క. అవసరానికి మించి ఎండగట్టినా పసివాడు నీరసిస్తాడు, అందుకని ఆపరేషన్ ఆలస్యమైతే నీళ్లు పట్టొచ్చా అని మళ్లీ అడగండి. పాలు కలిపిన హార్లిక్స్ కూడా పాల కిందే లెక్క. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంట్లో నాయనమ్మలతో. 'పాపం, పొద్దుట్నుంచీ ఖాళీ కడుపు' అని కొంగు చాటున బిస్కెట్టు పెట్టేస్తారు. ముందు రాత్రే వాళ్లకి విడమరచి చెప్పి, ఆ డబ్బా అటక మీద పెట్టేయండి.