నీళ్ల మీద పడవ, ఒడ్డున ఫిట్టరు

పోయిన నెల సాంచల కూలి రేట్ల గురించి రాసిన. ఈ నెల పడవల ముచ్చట. పడవలకూ మనకూ ఏం సంబంధం అనకుండ్రి, చివరిదాక చదవండి.

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో మోటారు పడవల పందాలు జరిగినయి. దేశదేశాల వాళ్లు వచ్చి నడిపిండ్రు. మా చిన్నల్లుడు అక్కడ బట్టల దుకాణంలో పని చేస్తడు, ఫోన్ల వీడియో తీసి పంపిండు. పడవ నీళ్లలో పోతున్నట్టు లేదు, నీళ్లను ముట్టీ ముట్టనట్టు పోతున్నది. అప్పటిసంది ఇసొంటి పడవల సంగతులు మనవడితోని చదివించుకుంటున్న.

ఈ జాతిలో హైడ్రోప్లేన్ అని ఒక రకం ఉన్నది. చెరువుల చిల్లపెంకు విసిరితే కప్పగంతులు వేసుకుంట పోతది గదా, అదే తీరు. వేగం అందుకున్నంక పడవ అడుగు రెండు మూడు చోట్ల మాత్రమే నీళ్లకు తగులుతది. నీళ్లు పట్టి గుంజవు కాబట్టి అంత వేగం. కాని ముక్కు కొద్దిగ ఎక్కువ లేస్తే కిందికి గాలి దూరి పడవ పల్టీ కొడతది. అందులోనే ప్రాణాలు పోతయి.

ఇంగ్లండులో డొనాల్డ్ క్యాంప్‌బెల్ అని ఒకాయన ఉండె. 1955 నుంచి 1964 దాక ఏడుసార్లు నీళ్ల మీద ప్రపంచ రికార్డు కొట్టిండు. పడవ పేరు బ్లూబర్డ్. ఆయన పేరు లోకానికి ఎరుకే. నా మనసుల నిలిచింది మాత్రం ఆయన మెకానిక్ లియో విల్లా. మొదలు తండ్రి మాల్కం క్యాంప్‌బెల్ దగ్గర పని చేసిండు, తర్వాత కొడుకు దగ్గర. రెండు తరాలు ఒకే ఇంటి ఇంజన్లు చూసుకున్నడు.

రికార్డుకు ఒక లెక్క ఉన్నది. పోను ఒకసారి, రాను ఒకసారి, రెండూ గంట లోపల కావాలె. సరాసరి తీస్తరు. 1967 జనవరి 4న కోనిస్టన్ సరస్సులో పోయేటప్పుడు గంటకు 297 మైళ్లు వచ్చింది. తన పడవ లేపిన అలలు సద్దుమణగకముందే ఆయన వెనక్కి మళ్లించిండు. పడవ గాలిలోకి లేచి, పల్టీ కొట్టి మునిగింది. శవం 2001లో దొరికింది. అప్పటికి విల్లా కూడ లేడు.

ఇంకొకాయన ఆస్ట్రేలియా మనిషి, కెన్ వార్బీ. సిడ్నీలో తన ఇంటి పెరట్లో కట్టెతోని పడవ తయారు చేసిండు. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మిన పాత జెట్ ఇంజను కొని దానికి పెట్టిండు. వైమానిక దళం పనివాళ్లు ఇంజనుకు సాయం పట్టిండ్రు, యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన లెక్కలు చూసి పెట్టిండు. 1978 అక్టోబరు 8న గంటకు 511 కిలోమీటర్లు పోయిండు. దాన్ని దాటబోయి అమెరికాలో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నరు. వార్బీ 2023లో ముసలితనంలో పోయిండు. రికార్డు మాత్రం ఆయన పేరు మీదనే ఉన్నది.

ఇవన్నీ వింటుంటే నాకు మా ఖాతా ఫిట్టరు యాదికొచ్చిండు. వరుసకు నాకు బావ. మిల్లు మూతపడ్డంక మేం నలుగురం చేతికొచ్చిన పైసలు కలిపి, షోలాపూర్ల రేకుల గది కిరాయికి తీసుకొని నాలుగు సాంచలు పెట్టినం. తువ్వాళ్లు నేసేటోళ్లం. ఒక దీపావళి ముందు పెద్ద ఆర్డరు వచ్చింది. అర్ధరాత్రి బావ సాంచ దగ్గర చెవి పెట్టి విని, "బంద్ చెయ్యిండ్రి, బేరింగు పోతున్నది" అన్నడు. ఒక వాటాదారు "తెల్లారేదాక నడుపుదాం, మాలు ఇయ్యకపోతే మునుగుతం" అని ఎగిరిండు. బావ ఏం మాట్లాడలే. ఫ్యూజు గుంజి జేబుల పెట్టుకొని, మగ్గం పక్కనే బీడీ ముట్టించిండు.

ఒక దినం పని పోయింది. వ్యాపారి పైసలు కోసిండు. ఎగిరినాయన వారం దినాలు బావతోని మాట్లాడలే. కాని విప్పి చూస్తే బేరింగు గోళీలు పలిగి ఉన్నయి. ఇంకొంచెం నడిస్తే షాఫ్టు కదిలి, నాడె దారి తప్పి ఎగిరొచ్చు. ఆ సాంచ మీద ఉన్నది ఎగిరినాయన కొడుకే. అది చూసినంక ఆయన చాయ తెచ్చి బావ చేతికిచ్చిండు. అంతే, ఇద్దరూ మళ్ల ఎప్పటి తీరే.

మేం పదకొండేండ్లు కలిసి నడిపినం. బోర్డు మీద బావ పేరు ఎన్నడూ లేదు. ఆయన పోయి మూడేండ్లాయె. మా సాంచల దగ్గర ఒక్క మనిషి వేలు తెగలేదు, కన్ను పోలేదు. బావ కొట్టిన రికార్డు అదే.

నడిపేటోడు ముందుకే చూస్తడు. అలలు సద్దుమణిగినయా లేదా చూసేటోడు ఇంకొకడు కావాలె. వాని మాట వినే దోస్తానా ఉండాలె.

మీ ఖాతాలో ఫిట్టరో, జాబరో, నూనె పోసేటాయనో, మీ మంచి కోరి "ఆగు" అన్న మనిషి ఉంటే, ఆయన పేరు, ఖాతా పేరు ఒక కార్డు మీద రాసి మన పత్రికకు పంపండి. వచ్చిన పేర్లన్నీ వచ్చే నెల ఇదే చోట వేద్దాం. రాయరాని పెద్దోళ్లు మనవండ్లతోని, మనవరాండ్లతోని రాయించండి. ఆ వంకన పిల్లలకూ వాళ్ల ముచ్చట తెలుస్తది.