వేలల్లో ఫ్రెండ్స్... కష్టమొస్తే ఎందరు?

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో బీహార్, ఉత్తరప్రదేశ్, కశ్మీర్ వంటి దూర ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులు చదువుకుంటున్నారు. ఉస్మానియా హాస్టళ్లలో ఆదిలాబాద్, పాలమూరు పల్లెల పిల్లలు ఉంటారు. ఇంటికి దూరంగా ఉన్న వీళ్లకు ఫోనే ఆసరా. ఈద్ రోజు అమ్మీ ముఖం చూడాలన్నా, బతుకమ్మకు ఊరెళ్లలేక చెల్లెలితో మాట్లాడాలన్నా వాట్సాప్ వీడియో కాలే దిక్కు. అదే ఫోన్ రాత్రి రెండింటి దాకా నిద్ర పోనివ్వడం లేదు. మరి సోషల్ మీడియా విద్యార్థులకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా?

క్యాంపస్‌లోనే పుట్టింది

ఫేస్‌బుక్ పుట్టిందే విశ్వవిద్యాలయంలో. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విద్యార్థుల కోసం మొదలై, తర్వాత అమెరికాలోని ఇతర కాలేజీలకు ఒక్కొక్కటిగా చేరింది. దీంతో, అది ముందే వచ్చిన కాలేజీలను, ఇంకా రాని కాలేజీలను పరిశోధకులు పోల్చి చూడగలిగారు. ఫేస్‌బుక్ వచ్చాక విద్యార్థుల మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నట్టు 2022లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. ఇతరులతో పోల్చుకుని తమను తాము తక్కువగా చూసుకోవడమే ఇందుకు కారణమై ఉంటుందని అభిప్రాయపడింది.

అయితే రెండో వైపు కూడా ఉంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 286 మంది విద్యార్థులపై జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. పరిచయాలు పెంచుకోవడానికి, పాత దోస్తులతో బంధం నిలుపుకోవడానికి ఫేస్‌బుక్ తోడ్పడుతోందని అందులో కనిపించింది. ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్న విద్యార్థులకు ఈ మేలు ఇంకా ఎక్కువ ఉండొచ్చని కూడా ఆ అధ్యయనం చెప్పింది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. క్లాస్ గ్రూపులో నోట్స్ పంచుకోవడం, గాంధీ ఆస్పత్రిలో ఎవరికో రక్తం కావాలని మెసేజ్ వస్తే నలుగురు కలిసి వెళ్లడం ఒక రకం వాడకం. గదిలో ఒంటరిగా పడుకుని ఒకరి ఉద్యోగం ప్యాకేజీ, ఇంకొకరి దుబాయ్ ఫొటోలు చూస్తూ కుమిలిపోవడం మరో రకం. మొదటిది ఉన్న బంధాన్ని గట్టిపరుస్తుంది. రెండోదాంట్లో బంధమే లేదు.

లాక్కుంటే సరిపోతుందా?

చాలామంది తల్లిదండ్రులకు తోచే ఉపాయం ఒక్కటే, ఫోన్ లాక్కోవడం. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. కానీ ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన అమ్మాయికి ఫోన్ పోతే నోట్స్, స్కాలర్‌షిప్ సమాచారం, తోటి విద్యార్థినులు అన్నీ దూరమవుతాయి.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులపై జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. వారిలో కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు 10 నిమిషాలే వాడమన్నారు. మూడు వారాల్లో వారిలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. అక్కడ ఎవరి ఫోనూ లాక్కోలేదు, హద్దు మాత్రమే పెట్టారు.

బాధ్యత ఎవరిది?

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఈ విషాదానికి ఫోన్‌నే దోషిని చేస్తే అసలు సమస్యలు పక్కకుపోతాయి. పరీక్షల ఒత్తిడి, డబ్బు ఇబ్బందులు, వివక్ష, ఇంటి సమస్యలు ఎన్నో ఉంటాయి. అందుకే 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మాజీ న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ నేతృత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్ ఏర్పాటు చేసింది.

కమిటీ నివేదికలతో పాటు క్యాంపస్‌లో మనుషులు కావాలి. తెలుగు, ఉర్దూ, హిందీలో మాట్లాడగల కౌన్సెలర్లు కావాలి. కొత్తగా వచ్చిన వారిని కలుపుకుపోయే సీనియర్లు కావాలి. ఎవరైనా బాగా కుంగిపోతే టెలి మానస్ 14416 నంబర్‌కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చని ప్రతి హాస్టల్ గోడ మీదా రాసి ఉండాలి.

పక్క గది కుర్రాడు రెండు రోజులుగా మెస్‌కు రావడం లేదు, దిగులు స్టేటస్‌లు పెడుతున్నాడు. దాని కింద ఏడుపు బొమ్మ పెట్టి ఊరుకుంటే అతనికి ఒరిగేదేమీ లేదు. తలుపు తట్టి "ఏమైంది భాయ్, చాయ్ తాగుదాం పద" అనాలి. ఆ స్టేటస్ చూడబట్టే అతని బాధ తెలిసింది, అక్కడితో ఫోన్ పని అయిపోయింది. మిగతాది దోస్తులు చేయాల్సిన పని.