ఎవరూ అంటని నేల

మూడు నెలల కిందట నా పాత విద్యార్థి ఒకడు సింగపూరు నుంచి ఒక చిన్న పుస్తకం పంపాడు. మంచి కాగితం, రంగుల బొమ్మలు, నలభై పేజీలు. ఇండోనేసియాలో సుంబా అనే ద్వీపపు పడమటి తీరాన ఇళ్ళస్థలాలు అమ్మేవారి ప్రచురణ అది. “విదేశాలలో ఉద్యోగాలు చేసి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు మాస్టారూ, వాళ్ళకోసం దీన్ని తెలుగు చేసిపెట్టండి, పేజీకి ఇంత అని ఇప్పిస్తాను” అని వ్రాశాడు. తెలుగు లెక్చరరు సంపాదన ఎంతో ఎరిగినవాడు గనుక పైకం సంగతి రెండుచోట్ల వ్రాశాడు.

కాదనడానికి కారణం వెంటనే తోచలేదు. కూర్చుని మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే కలం ఆగింది. ఆ తీరం ఎవరి స్పర్శా ఎరగనిది అన్నాడు ఇంగ్లీషు రచయిత. తెలుగులో ఏమనాలి? ‘ఎవరూ అంటని నేల’ అందామంటే, ఆ మాట పక్కనే ‘అంటరాని’ అనే మాట మన భాషలో కాచుకుని కూర్చుంది. ఒక నేలను ఎవరూ అంటలేదంటే అక్కడ మనిషన్నవాడు లేడనైనా కావాలి, ఉన్నవాణ్ణి మనిషి కింద జమ కట్టలేదనైనా కావాలి. రెంటిలో ఏది నిజమో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. అనువాదం అక్కడితో ఆగిపోయింది.

సుంబా చిన్న దిబ్బ కాదు. వైశాల్యం సుమారు 11,000 చదరపు కిలోమీటర్లు. బాలికి దాదాపు రెండింతలు. జనం ఎనిమిది లక్షలకు దగ్గర. ఒకప్పుడు దానికి చందన ద్వీపమని పేరు. చందనం కొల్లపోయింది, పేరు మాత్రం అక్కడి గుర్రాల జాతికి మిగిలింది. ఇప్పుడున్నవి గడ్డికొండలు, మొక్కజొన్న చేలు, ఎత్తయిన మొన కప్పుల ఇళ్ళు, ఆ ఇళ్ళ ముంగిట పెద్దపెద్ద రాతి సమాధులు. సుంబావాడు తన పెద్దలను ఊరి బయట పాతిపెట్టడు. ఊరి నడుమనే ఉంచుకుంటాడు. మరాపు అనే వాళ్ళ మతంలో చచ్చిపోయినవాళ్ళు కూడా ఊరి మనుషులే. బతికినవాళ్ళూ చచ్చినవాళ్ళూ కలిసి కాపురముంటున్న ద్వీపాన్ని పట్టుకుని నిర్జనమంటాడు మన ప్రచారకర్త!

పోనీ, ఊరు ఊరే, సముద్రపొడ్డు మాత్రం ఖాళీయే గదా అంటారా? ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలలో పడమటి సుంబా ఒడ్డుకు ‘న్యాలె’ అనే సముద్రపు పురుగులు వస్తాయి. తెల్లవారుజామున పూజారులు నీటిలోకి దిగి, ఆ పురుగులు ఎన్ని వచ్చాయో, ఏ తీరున ఉన్నాయో చూసి ఆ ఏటి పంట సంగతి చెబుతారు. ఆ తరువాత ‘పసోలా’: వందలాది రౌతులు రెండు పక్షాలై ఈటెలు విసురుకునే పండుగ. అంటే ఆ ఒడ్డు వాళ్ళకు పంచాంగం. ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరిగే గుడి మండపానికి ఎవరో వచ్చి కంచె వేసి, ‘సాయంకాలపు దృశ్యం అద్భుతం’ అని బల్ల కడితే మనం ఏమంటాము?

మన సాహిత్యంలో ద్వీపాంతరమన్న మాటకూ ఒక చరిత్ర ఉంది. కాళిదాసు రఘువంశంలో ఇందుమతికి కళింగరాజును చూపించేటప్పుడు, ద్వీపాంతరాల లవంగపు పూలను తాకి వచ్చే గాలిని తలుచుకున్నాడు. వర్తకులు మోసుకొచ్చిన పరిమళం అది. తరువాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో ద్వీపాంతరమంటే శిక్ష, అండమాను. ఇప్పుడు మూడో అర్థం తయారవుతున్నది. ద్వీపాంతరమంటే ప్లాటు.

పుస్తకంలో నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచింది వర్ణన కాదు, చివరి నాలుగు పేజీలు. చట్టం సంగతి అక్కడ చిన్న అక్షరాలలో ఉంది. ఇండోనేసియాలో పూర్తి యాజమాన్యాన్ని ‘హక్ మిలిక్’ అంటారు. ఆ హక్కూ మన హక్కూ ఒకే అరబ్బీ మాట. వాళ్ళ 1945 నాటి రాజ్యాంగంలో 33వ అధికరణం భూమీ నీరూ ప్రజల మేలుకోసం ఉండాలని చెబుతుంది. అక్కడ వాడిన మాట కూడా ‘బుమి’యే. ఆ అధికరణం మీద నిలబడి 1960 సెప్టెంబరు 24న మూల భూచట్టం వచ్చింది. డచ్చివాళ్ళు 1870లో చేసిన భూచట్టాన్ని అది కొట్టివేసింది. ఆ డచ్చి చట్టపు మర్మమేమిటంటే, ఎవరిదని రుజువు కాని భూమి అంతా ప్రభుత్వానిది అనడం. ఆ ప్రభుత్వ భూమిని తోటల కంపెనీలకు 75 ఏళ్ళదాకా కౌలుకివ్వడం. గూడెంలో పుట్టిన రైతు పట్టా కాగితం ఎక్కడినుంచి తెస్తాడు? తేలేడనే ఆ చట్టం.

1960 చట్టం 21వ నిబంధన ప్రకారం విదేశీయుడికి హక్ మిలిక్ లేదు. 26వ నిబంధన ఇంకొక అడుగు ముందుకు వేసింది. నేరుగా గాని, చాటుమాటున గాని అటువంటి బదిలీ జరిగితే ఆ క్రయం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన సొమ్ము తిరిగి రాదు. వలస పాలన నుంచి బయటపడి, బాండుంగులో ఆసియా ఆఫ్రికా దేశాలను పిలిచి కూర్చోబెట్టిన జాతి చేసిన చట్టం ఇలాగే ఉండాలి.

మరి అమ్మకాలు ఎలా జరుగుతున్నాయి? అక్కడ దానికి ‘పింజమ్ నామా’ అని పేరు. పేరు అరువు తీసుకోవడం. స్థానికుడొకడి పేరున పట్టా, విదేశీయుడి చేతిలో ఇల్లు; నడుమ అప్పు పత్రం, అధికార పత్రం, తేదీ లేని అమ్మకపు పత్రం. తెలుగు పాఠకుడికి దీన్ని ఇంత వివరించనక్కర లేదు, మనకు బినామీ అనే మాట ఉంది. మన ఏజన్సీలో 1/70 చట్టం ఉండగానే గిరిజనుడి పేర కాగితమూ గిరిజనేతరుడి చేత పొలమూ ఎలా నిలిచాయో చూసినవాళ్ళం. చట్టం గోడ కడుతుంది, పెట్టుబడి దానికి దొడ్డిదారి పెడుతుంది. నా శిష్యుడు పంపిన పుస్తకం ఈ దారిని ‘స్థానిక భాగస్వామి సౌకర్యం’ అన్నది. ఆ మాట కూర్చినవాడు తెలివైనవాడే.

దొడ్డిదారి వద్దనుకునేవారికి రాజమార్గమూ ఉంది. 2021లో వచ్చిన 18వ నంబరు ప్రభుత్వ నిబంధనావళి ప్రకారం ‘హక్ పకాయ్’, అంటే వాడుకునే హక్కు, మొదట 30 ఏళ్ళు, పొడిగింపు 20, మళ్ళీ కొత్తగా 30. కలిపితే 80. ఒక్కసారిగా ఇవ్వరు, విడతలుగా ఇస్తారు. ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా 1870లో డచ్చి కంపెనీకి దొరికిన గడువు 75 ఏళ్ళు, నేటి గడువు అంతకంటే ఐదేళ్ళు ఎక్కువ. మన భాషలో కౌలుదారు అంటే భూమి లేనివాడు, దొరవాకిట నిలబడేవాడు. అక్కడ కౌలుదారు విమానం దిగుతాడు. ఈ మాటనూ నేను తెలుగు చేయలేకపోయాను.

1960కీ 2021కీ మధ్య ఏమి జరిగిందో చెప్పకుండా ఈ లెక్క అర్థం కాదు. భూపరిమితి చట్టాన్ని అమలు చేయండని రైతు సంఘాలు పొలాల్లోకి దిగాయి. 1965, 66లలో సైన్యమూ దాని అనుచర మూకలూ చేసిన హత్యాకాండలో చచ్చినవాళ్ళు ఐదు లక్షలకు తక్కువ కాదని చరిత్రకారుల అంచనా. భూమి అడిగినవాళ్ళు అందులో లెక్కలేనంతమంది. ఆ తరువాత భూసంస్కరణ మాట ఎత్తడానికి ఒక తరం మనుషులు జంకారు. తీరాలు ‘ప్రశాంతం’గా ఉన్నాయంటే, ఆ ప్రశాంతి ఎక్కడినుంచి వచ్చిందో అడగవలసిన పని లేదా?

ఆ ప్రశాంతి కూడా పూర్తిది కాదు. పడమటి సుంబాలో లంబోయా ప్రాంతాన మరోసి అనే తీరముంది. అక్కడి భూమిమీద హక్కు పొందిన ఒక కంపెనీ రెండు దశాబ్దాలకు పైగా దాన్ని బీడు పెట్టిందని గ్రామస్థుల వాదన. 2018 ఏప్రిల్ 25న కొలతలకు అధికారులు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. ఊరివాళ్ళు అడ్డుపడ్డారు. తుపాకులు పేలాయి. ఒక రైతు చచ్చిపోయాడు. నాకు వచ్చిన పుస్తకంలో అమ్మకానికి పెట్టిన స్థలాలు అదే జిల్లాలోవి. నలభై పేజీలలో ఈ సంగతికి ఒక్క పంక్తి లేదు. సూర్యాస్తమయానికి ఆరు పేజీలున్నాయి.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డు తగిలాడు. హోటళ్ళూ విల్లాలూ వస్తే పనులొస్తాయి గదా, కరవు ద్వీపంలో నీళ్ళొస్తాయి గదా అన్నాడు. న్యాయమైన ప్రశ్న. సుంబాలో నీటి కొరత నిజం. ఆడవాళ్ళూ పిల్లలూ బిందెలతో మైళ్ళు నడిచేది నిజం. ఆ ప్రాంతంలోనే మునుపు నిహివాటు అనే పేరున్న హోటలు ఉంది. 2016లోనూ 2017లోనూ ఒక అమెరికా యాత్రా పత్రిక దాన్ని ప్రపంచంలో మొదటి హోటలుగా ఎంచింది. దాని అనుబంధ ధర్మసంస్థ బావులు తవ్వించింది, మలేరియాకు చికిత్సాలయాలు పెట్టింది. మంచి పనే, దాన్ని మంచి పని కాదనే మొండితనం నాకు లేదు. కాని తాగే నీరు అతిథుల దయమీద వచ్చేటప్పుడు, ఆ అతిథులు అడిగిన ఒడ్డును కాదనే గొంతు ఊరికి ఎంతకాలం ఉంటుంది? అక్కడ ఒక రాత్రి గది అద్దె ఆ ఊరి కూలివాడికి కొన్ని నెలల సంపాదన. ఆ ద్వీపం ఉన్న తూర్పు నూసా తెంగరా రాష్ట్రంలో 2023 లెక్కల ప్రకారం కూడా సుమారు ఐదుగురిలో ఒకరు దారిద్ర్యరేఖకు దిగువనే ఉన్నారు. ప్రపంచంలో మొదటి హోటలూ, దేశంలో కడపటి రాష్ట్రాలలో ఒకటీ ఒకే గట్టున ఉన్నాయన్నమాట.

మనలో ఇంకొక జబ్బు ఉంది, దాన్నీ అనాలి. పెట్టుబడిదారును తిట్టబోయి పాత ఊరిని స్వర్గం చేసి చూపించడం. సుంబా స్వర్గం కాదు. ముఖ్యంగా తూర్పు సుంబాలో ‘మరంబా’ అనే దొరలూ, ‘కబిహు’ అనే స్వతంత్రులూ, ‘అత’ అనే బానిసలూ ఉన్న వ్యవస్థ కాగితంమీద పోయినా ఇళ్ళల్లో పోలేదు. భూమి వంశానిది అంటారు. కాని వంశం తరఫున వేలిముద్ర వేసేది పెద్ద ఇంటివాడు. తరతరాలుగా ఆ నేల దున్నిన ‘అత’ను ఎవరూ అడగరు. కొనేవాడికి ఇది మహా అనుకూలం. ఒక్క దొరను ఒప్పిస్తే కొండ మొత్తం వస్తుంది. భూస్వామ్యమూ ధనస్వామ్యమూ విరోధులని పుస్తకాల్లో చదువుకున్నాము. సముద్రపొడ్డున అవి వియ్యంకులు. ‘ఎవరూ అంటని నేల’ అన్న మాటకు నేను వెతికిన అర్థం ఇక్కడ దొరికింది. అంటినవాడున్నాడు. వాడి చెయ్యి లెక్కలోకి రాలేదు.

ఇక సుంబా యువకుడి సంగతి. ఆ రాష్ట్రంనుంచి మలేసియా తోటలకు కూలికి పోయేవాళ్ళు చాలామంది. చాలామందికి సరైన కాగితాలుండవు. వాళ్ళలో కొందరు శవపేటికలలో కూపాంగు విమానాశ్రయానికి తిరిగి వస్తారు. ఇది ఏటా జరిగేది. కాగితం లేక ద్వీపాంతరం పోయి చచ్చేవాడు ఒకడు. కాగితం అరువు తెచ్చుకుని ద్వీపాంతరం వచ్చి స్థిరపడేవాడు ఒకడు. ఒకే విమానాశ్రయంలో వీళ్ళిద్దరూ ఎదురుపడే రోజులుంటాయి.

2022 చివర హల్మహేరా దగ్గరి విడి ద్వీపసముదాయాన్ని, నూటికి పైగా దీవులను, విదేశీ వేలంపాటకు పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. అమ్మేది దీవులను కాదు, కంపెనీ వాటాలను అన్నారు. గోల పుట్టింది, ప్రభుత్వం అడ్డుపడింది, అది ఆగింది. గోల చేస్తే ఆగుతుందన్నమాట. అందుచేత నా శిష్యుడి మీద కోపం లేదు. వాడు నెలజీతగాడు, వాడికీ పైనుంచి వచ్చిన పనే. కాని పని తెలుగులో జరగాలంటే తెలుగు వ్రాసేవాడొకడు కావాలి గదా. ప్రకటనలకూ యాత్రా వర్ణనలకూ కలం అద్దెకిచ్చే మన మిత్రులు కొందరు ‘భాష మాది, భావం వాళ్ళది’ అని తప్పించుకుంటారు. పత్రం వ్రాసే కరణం కూడా అదే అనేవాడు.

పుస్తకం తిరిగి పంపాను. ఒక్క పేజీ మాత్రం తెలుగు చేసి అందులో పెట్టాను. 1960 చట్టంలో 26వ నిబంధన, కట్టిన సొమ్ము తిరిగి రాదన్న భాగంతో సహా. దానికి పైకం అడగలేదు. వాడి దగ్గరనుంచి ఇంకా జవాబు రాలేదు.