ప్లీడరుగారి సాఫ్టువేరు

రెడీమేడ్ చొక్కా కొనుక్కోవడమా, బట్ట తీసి దర్జీకి ఇవ్వడమా అన్న ప్రశ్న ప్రతి పండక్కీ మన ఇళ్లలో వచ్చేదే. భుజాలు అందరిలా ఉన్నవాడు కొనుక్కుంటాడు, లేనివాడు కుట్టించుకుంటాడు. అంతటితో తేలిపోతుంది. ఇదే ప్రశ్న మా బావగారి ఆఫీసులో కంప్యూటరు సాఫ్టువేరు గురించి వచ్చినప్పుడు మాత్రం తేలడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

మా బావగారు గుంటూరులో ప్లీడరు. ఇప్పుడు ప్లీడరు అంటే కుర్రవాళ్లు నవ్వుతారు, అడ్వకేటు అనాలిట. అననీయండి. ఆయనా, ఆయన కొడుకూ, ముగ్గురు జూనియర్లూ, ముప్ఫై ఏళ్లుగా ఆయన్ని అంటిపెట్టుకుని ఉన్న గుమాస్తాగారూ. ఇదీ ఆఫీసు. బజారులో దొరికేది నెలనెలా అద్దె కట్టి వాడుకుందామని మేనల్లుడు. మన పద్ధతికి తగ్గట్టు మనమే రాయించుకుందామని బావగారు. నేను బ్యాంకులో పనిచేసి, లెడ్జర్లు పోయి కంప్యూటర్లు రావడం కళ్లారా చూసినవాణ్ణి గనక తీర్పు నన్ను చెప్పమన్నారు. ఇద్దరు లాయర్ల మధ్య కూచుని తీర్పు చెప్పడం ఎంత సుఖమో మీరే ఊహించుకోండి.

వాళ్ల సాఫ్టువేరు గొడవ మనకెందుకు అంటారేమో. కోర్టు మెట్లెక్కిన ప్రతి సంసారానికీ దానితో పని ఉంది. సమను అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దాఖలు చెయ్యాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా, అంటుంది సివిల్ ప్రొసీజరు కోడు. డిక్రీ మీద జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో, హైకోర్టుకయితే 90 రోజుల్లో. ప్రోనోటు మీద దావా మూడేళ్లలో. వీటిలో ఒక్క తేదీ జారిపోతే, ఎదుటివాడి మాటే విని డిక్రీ ఇచ్చేసి, చివరికి ఇల్లు వేలానికి రావచ్చు. ఈ తేదీలన్నీ ఇన్నాళ్లూ గుమాస్తాగారి డైరీలో సగం, ఆయన తలకాయలో సగం ఉంటూ వచ్చాయి. ఆయనకు ఇప్పుడు అరవై ఏడు.

మొదటి ఆదివారం మేనల్లుడు ఒక విదేశపు సాఫ్టువేరు తెరిచి చూపించాడు. అందంగానే ఉంది. మొట్టమొదట కక్షిదారు పేరు అడిగింది: ముందు పేరు, తరవాత ఇంటిపేరు. గుమాస్తాగారు ఇంటిపేరు ముందు కొట్టించారు. అది ఒప్పుకోలేదు. ఆ తరవాత, కేసు మీద ఎన్ని గంటలు పనిచేశారో రాయమంది. గంటను పది భాగాలు చేసి, ఆరేసి నిమిషాల లెక్కన బిల్లు వెయ్యడం అమెరికాలో ప్లీడర్ల ఆచారం. దావా వేసేటప్పుడు సగం, వాదనలప్పుడు మిగతా సగం పుచ్చుకునే మా బావగారు ఆ గడియారం వంక చూసి, "ఇది నన్ను కూలివాణ్ణి చేసిందోయ్" అన్నారు.

రెండోది మన దేశంలో తయారైనది. ఇది నయం. ఈ-కోర్టుల పథకం కింద జిల్లా కోర్టుల్లో ప్రతి కేసుకూ సి.ఎన్.ఆర్. అని 16 అంకెలూ అక్షరాలూ కలిసిన నంబరు ఒకటి ఇస్తారు. దాన్ని పట్టుకుని ఈ సాఫ్టువేరు వాయిదా ఎప్పుడో తనే తెచ్చుకుంటుంది. (మీ కేసు ఏదైనా నడుస్తూంటే ఆ నంబరు మీ ప్లీడరుగారినడిగి రాసి ఉంచుకోండి. ఈ-కోర్టుల వారి ఆప్‌లో కొడితే వాయిదా, కేసు ఏ దశలో ఉందీ ఉచితంగా మీ ఫోనులోనే కనిపిస్తాయి.) రెడీమేడ్‌లో ఉన్న అసలు సుఖం ఇదే. వందల ఆఫీసులవాళ్లు ముందే వాడి, తిట్టి, తప్పులు దిద్దించి పెట్టినదాన్ని మనం రేపటినుంచీ వాడుకోవచ్చు.

గుమాస్తాగారు మాత్రం ఒక ప్రశ్న వేశారు. "పొలం తగాదా ఒకటే బాబూ. దానికి ఓ.ఎస్. ఒక నంబరు, మధ్యంతర దరఖాస్తుకు ఐ.ఏ. ఇంకో నంబరు, అప్పీలు ఒకటి, డిక్రీ అమలుకు ఈ.పి. మరొకటి. నాకివన్నీ ఒకే కట్ట. దీనికి నాలుగు కేసులా?" నాలుగు కేసులే. పైగా ఒకే మనిషి పేరు ప్రోనోటులో ఒకలా, రిజిస్ట్రీ దస్తావేజులో ఒకలా, ఆధార్ కార్డులో మరొకలా ఉంటుంది. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి పనిచేసిన అడ్వకేటు ఎదుటి పక్షానికి పనిచెయ్యకూడదని బార్ కౌన్సిల్ నియమం. యంత్రం పేరు వెతికి "ఇతను మనకు కొత్త" అంటుంది. "ఇతని మామగారి తరఫున దావా వేసింది మనమేనండీ" అని గుమాస్తాగారు అంటారు. ఆ మాటను ఏ పెట్టెలో కొంటారు?

బావగారికి ఇక్కడ ఊపు వచ్చింది. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ప్రోగ్రాములు రాస్తాడు, వాడికి చెబితే అన్నీ మనకు కావలసినట్టే రాసిపెడతాడు అన్నారు. చొక్కా పోలిక సరిగ్గా ఇక్కడే తప్పుతుంది. కుట్టిన దర్జీ ఊరు వదిలిపోతే చొక్కా ఊడిపోదు. సాఫ్టువేరు అలా కాదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఇలాగే ఒక కుర్రవాడి చేత రాయించుకున్నారు. అతనికి బెంగుళూరులో ఉద్యోగమైంది, ఆఫీసులో కంప్యూటరు మారింది, ప్రోగ్రాము లేవనంది. ఆరేళ్ల కాగితాలు లోపల, మనుషులు బయట.

ఇంకో సంగతి మా బావగారికి నేను చెప్పవలసి రావడం విచిత్రం. 1957 నాటి మన కాపీరైటు చట్టం ఇప్పుడున్న రూపంలో కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యం కింద లెక్కవేస్తుంది. మీరు చదివే ఈ సీరియల్ నవలా, ఆ ప్రోగ్రామూ ఒకే పంక్తిలో కూచుంటాయన్నమాట! డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు డబ్బిచ్చినవారిది. ప్రోగ్రాముకు ఆ సౌకర్యం లేదు. జీతానికి ఉన్న ఉద్యోగి రాస్తే యజమానిది. బయటివాడు కాంట్రాక్టుకు రాస్తే, సంతకం చేసి మనకు బదిలీ చేస్తే తప్ప, హక్కు రాసినవాడిదే. ఆ బదిలీలో గడువు రాయకపోతే అయిదేళ్లే. ఊళ్లోవాళ్లందరికీ ఒప్పందాలు రాసిపెట్టే మనిషి తన సొంత పనిని "మనవాడే కదా" అని నోటిమాట మీద ఇవ్వబోయారు!

రహస్యం సంగతి కూడా ఉంది. కక్షిదారు ప్లీడరుతో చెప్పుకున్నది బయటపెట్టరాదని పాత సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ చెబుతోంది. అద్దె సాఫ్టువేరులో ఆ కాగితాలు వేరెవరి కంప్యూటరులోనో ఉంటాయి. ఎక్కడ ఉంటాయి, ఎవరు తెరవగలరు, మనం మానేస్తే ఏ రూపంలో తిరిగి ఇస్తారు? ఈ మూడూ ఎదుటివాళ్లు కాగితం మీద చెప్పాలి. చెబితే చాలదు, పది కేసులు లోపల పెట్టి, అన్నీ బయటికి లాగి చూడమన్నాను. చూశారు. తేదీలన్నీ వచ్చాయి. పాత అక్షరాలతో టైపు చేసిన తెలుగు కాగితాలు తెరమీద పిచ్చిగీతలయ్యాయి. అవి యూనికోడులో లేవు. రాయించుకున్నదైనా ఆ కాగితాలను మార్చనిదే చదవలేదు, కాబట్టి ఆ ఖర్చు ఎలాగూ తప్పదు.

నాలుగో ఆదివారం నేను చెప్పింది ఇది. వాయిదాలూ, ఫీజుల లెక్కలూ, కాగితాలు దాచుకోవడమూ ప్రతి ఆఫీసులోనూ ఉన్నవే. వాటికి మన దేశపు రెడీమేడ్ తీసుకోండి. గుమాస్తాగారి తలకాయలో ఉన్నది మాత్రం ఎక్కడా అమ్మరు. ఎవరికి ఎవరు ఏమవుతారు, ఏ పేరు ఎన్ని రకాలుగా రాస్తారు, ఏ నంబరు ఏ కట్టలోది — దానికొక చిన్న పట్టిక రాయించుకోండి. ఆరు నెలలు డైరీ మానవద్దు.

మేనల్లుడికి సగం గెలుపు, బావగారికి సగం. గుమాస్తాగారు రోజూ సాయంత్రం ఒక జూనియరును పక్కన పెట్టుకుని పేర్లు చెబుతున్నారు. పట్టిక రాసే అబ్బాయితో ఒప్పందం బావగారే స్వయంగా రాశారు. హక్కుల బదిలీ, గడువు, ప్రోగ్రాము మూలం నకలు అప్పగింత, ఏవీ వదలకుండా ఏడు పుటలు. అబ్బాయి అది ఆసాంతం చదివి, సంతకం పెట్టేముందు ఇంకో ప్లీడరుకు చూపించుకుని వస్తానని వెళ్లాడు.