కప్పిపెడితే తుప్పు ఆగదు

2018 ఆగస్టు 14. ఇటలీలోని జెనోవా నగరంలో జోరువాన. పొద్దున 11 గంటల 36 నిమిషాలకి మొరాండి వంతెన 9వ గోపురంతో సహా 200 మీటర్ల పైన కుప్పకూలింది. 43 మంది ప్రాణాలు పోయాయి. పైన బండ్లల్లో పోయేవాళ్లే కాదు, కింద పనిమీదున్న పారిశుధ్య కార్మికులూ చచ్చిపోయారు. వంతెన నీడన ఇళ్లున్న వందలమంది కట్టుబట్టలతో బయటపడ్డారు.

వాన వల్లనా, పిడుగు వల్లనా అని మొదట మాట్లాడారు. యాభై ఏళ్లుగా లోపల్లోపల తింటున్న రోగాన్ని వదిలి ఒకరోజు వానని ముద్దాయిని చేస్తే ఎట్లా?

అసలు సంగతి చూద్దాం. ఇప్పటి కేబుల్ వంతెనలకి తీగలు పదుల సంఖ్యలో ఉంటాయి. ఒకటి పాడైతే పక్కవి మోస్తాయి, ఈలోగా దాన్ని మార్చుకోవచ్చు. 1967లో తెరిచిన ఈ వంతెనకి రికార్డో మొరాండి ఒక్కో గోపురానికి నాలుగు వాలు తీగలే పెట్టాడు. ఆ ఉక్కు కట్టల చుట్టూ కాంక్రీటు తొడుగు పోశాడు. ఉక్కుని కాంక్రీటు కాపాడుతుందని లెక్క. చూట్టానికి గంభీరమే. కానీ ఒక్క తీగ తెగితే ఆ బరువు ఎత్తుకునే దిక్కు లేదు.

కాంక్రీటు పగిలింది. సముద్రపు ఉప్పుగాలి, పక్క ఉక్కు ఫ్యాక్టరీ పొగ, వాననీళ్లు లోపలికి దిగాయి. ఉక్కు తుప్పు పట్టింది. కాపాడాల్సిన తొడుగే ఆ తుప్పు కంటికి కనపడకుండా దాచింది.

ఎవరికీ తెలీదా? తెలుసు! ఉప్పుగాలి, పొగ తన వంతెనని ఎట్లా తింటున్నాయో 1979లో మొరాండే రాశాడు. 1990ల మొదట్లో 11వ గోపురం తీగలకి బయటనుంచి కొత్త ఉక్కు తీగలు కట్టి బలమిచ్చారు. అంటే రోగమేంటో, మందేంటో రెండూ తెలుసు. మరి 9వ గోపురం అదే గాలి పీల్చలేదా? పాతికేళ్లు దానికి ఆ మందు పడలేదు. 2017లో మిలాన్ పాలిటెక్నిక్ వాళ్లు 9వ గోపురం తీగల తీరు తేడాగా ఉందని చెప్పారు. బలపరిచే పథకం కాగితాలమీద నడుస్తుండగానే వంతెన కూలింది.

1999లో ఆ రోడ్ల సంస్థ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. టోలు వసూలు మాత్రం సాగింది. రిబ్బను కత్తిరించడానికి మంత్రులొస్తారు, తీగలోపల తుప్పు చూడ్డానికి ఏ మంత్రి వస్తాడు?

2020 ఆగస్టులో అక్కడ కొత్త వంతెన తెరిచారు. రెన్జో పియానో గీసిన ఆ వంతెన తీగలమీద వేలాడదు, స్తంభాలమీద నిలబడుతుంది. మంచిదే. పోయిన 43 మంది దానిమీద నడవరు.

పెద్ద కట్టడం చూపించి ఎవరైనా ఛాతీ విరిస్తే మనం అడగాల్సింది ఒకటే: లోపలి ఉక్కుని ఎప్పుడు చూశారు? ఎవరు చూశారు? ఆ కాగితం ఏదీ?