రాళ్ల దగ్గరికెళ్లి చదవాల్సిన చదువు

విదేశీ చదువు అనగానే మన ఇళ్లలో మాట కంప్యూటర్ సైన్స్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. భూగర్భ శాస్త్రం చదివే పిల్లలకు మరో దారి ఉంది. వేసవిలో నాలుగు నుంచి ఆరు వారాల పాటు కొండల్లో మకాం వేయించి రాళ్లను చదివించే యూనివర్సిటీ ఫీల్డ్ కోర్సులు అవి. అమెరికాలో చాలాచోట్ల ఇలాంటి కోర్సు పూర్తిచేయనిదే జియాలజీ డిగ్రీ చేతికి రాదు. ఇండియానా యూనివర్సిటీ ఇందుకోసమే తన రాష్ట్రానికి ఎంతో దూరంలో, మోంటానా కొండల్లో 1949 నుంచి ఒక కేంద్రం నడుపుతోంది. కొన్ని కోర్సులు దేశం దాటి స్కాట్లండ్‌కో, ఐర్లండ్‌కో, ఇటలీకో వెళతాయి. రాళ్ల కోసం ఇంత ఖర్చు పెట్టి పరాయి దేశం పోవాలా అంటే, పోవాలనే నేను అంటాను. అయితే ఒక షరతు. అక్కడ విద్యార్థి తన కాళ్లతో తిరిగి, తన చేత్తో ఒక మ్యాపు గీయాలి. ఆ పని లేని ప్రోగ్రామ్‌కు ఎంత పేరున్న యూనివర్సిటీ ముద్ర ఉన్నా అది విహారయాత్రే.

మ్యాపుకు ఎందుకంత విలువో చెప్పడానికి స్కాట్లండ్ వాయవ్య మూలనున్న అసింట్ ప్రాంతాన్ని మించిన ఉదాహరణ లేదు. బ్రిటిష్ యూనివర్సిటీలు తరతరాలుగా విద్యార్థులను మ్యాపింగ్‌కు పంపుతున్న చోటు అది. అక్కడి నాకన్ క్రాగ్ అనే కొండ అంచున దాదాపు 50 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి కింద ఉంటుంది, సుమారు 100 కోట్ల ఏళ్ల నాటి షిస్ట్ దాని నెత్తిన కూర్చుని ఉంటుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న మొదటి పాఠానికి ఇది పూర్తిగా ఎదురు. 19వ శతాబ్దంలో బ్రిటన్ భూగర్భ సర్వే సంస్థకు అధిపతి అయిన రోడరిక్ మర్చిసన్ ఇవి వరుసగా పేరుకున్న పొరలేనని తేల్చేశారు. జేమ్స్ నికోల్ అనే భూగర్భ శాస్త్రవేత్త కాదన్నా వినిపించుకున్నవారు లేరు. 1880ల తొలినాళ్లలో చార్లెస్ లాప్‌వర్త్ అనే ఆచార్యుడు వాయవ్య స్కాట్లండ్‌కు వెళ్లి, ఒక్కో రాతి హద్దునూ నడిచి మ్యాపు మీద పెట్టాడు. పాత రాయి పక్క నుంచి తోసుకొచ్చి కొత్తదాని మీదికెక్కిందని తేల్చాడు. మర్చిసన్ మాటనే నమ్మిన అప్పటి సర్వే అధిపతి ఆర్చిబాల్డ్ గీకీ, తన సంస్థలోని బెన్ పీచ్‌ను, జాన్ హార్న్‌ను పంపితే వాళ్ల మ్యాపు కూడా లాప్‌వర్త్ చెప్పినట్టే వచ్చింది. 1884లో గీకీ తన తప్పు ఒప్పుకున్నారు. పీచ్, హార్న్ బృందం పని 1907లో పెద్ద గ్రంథంగా వెలువడింది. అధికారం ఉన్నవాడి మాటను కాళ్లరిగేలా తిరిగినవాడి మ్యాపు ఓడించిన కథ ఇది.

ఇవాళ్టి విద్యార్థి అక్కడ చేసే పనీ ఇదే. చేతిలో క్లైనోమీటర్ కంపాస్, మెడలో హ్యాండ్ లెన్స్, జేబులో పలుచని ఆమ్లం సీసా. బూడిద రంగు రాయి కనబడితే ఒక చుక్క వేస్తాడు. బుసబుసమని పొంగితే సున్నపురాయి. ఊరకుంటే వదిలేయకూడదు. కత్తితో గీకి ఆ పొడి మీద మళ్లీ వేయాలి. అప్పుడు పొంగితే డోలమైట్. తర్వాత పొర ఎటు వాలిందో, ఎన్ని డిగ్రీలు వాలిందో కొలిచి మ్యాపు మీద చిన్న గుర్తు పెట్టాలి. రెండు రాళ్ల మధ్య హద్దు పీట్ నేల కిందికి పోయి కనబడకుండా పోతుంది. అది ఎక్కడ మళ్లీ తేలుతుందో ఊహించి, వానలో అక్కడిదాకా నడిచి, ఊహ తప్పని తెలిస్తే గీత చెరిపి మళ్లీ గీయాలి. తరగతి గదిలో ఉపాధ్యాయుడు బల్ల మీద పెట్టిన నమూనాకు జవాబు ముందే ఉంటుంది. ఇక్కడ జవాబును విద్యార్థే కట్టుకోవాలి, సాయంత్రం గురువు ముందు దాన్ని నిలబెట్టుకోవాలి.

మన దగ్గర రాళ్లకు కొదవా అన్న అభ్యంతరం బలమైనదే. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన గ్రానైట్ మీద క్వార్ట్జైట్ పరుచుకున్న హద్దు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఆ రెంటి మధ్య కోట్లాది ఏళ్ల చరిత్ర గల్లంతైందని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ చెబుతోంది. ఆ క్వార్ట్జైట్ భాగమైన కడప బేసిన్ చూడకుండా అసింట్ విమానం ఎక్కడం తలకిందుల వ్యవహారమే. కానీ ఇంట్లో చదివినవాడికే బయటి రాయి ఎక్కువ చెబుతుంది. అసింట్‌లోనూ పాత నైస్ మీద తెల్లటి క్వార్ట్జైట్ ఉంది, తిరుమల చూసిన కళ్లకు అది చుట్టంలా కనబడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ క్వార్ట్జైట్ పై భాగం నిండా నిలువు గొట్టాలు. అవి 50 కోట్ల ఏళ్లకు ముందు సముద్రపు ఇసుకలో పురుగులు తొలిచిన బొరియలు. కడప బేసిన్ రాళ్లలో అలాంటివి వెతికినా దొరకవు, ఆ రాళ్లు ఏర్పడిన కాలానికి జంతువులే లేవు. ఒకే జాతి రాయి, నడుమ జీవం దాటిన గడప! పుట్టిన ప్రాంతపు రాళ్లు మంచి అలవాట్లతో పాటు కొన్ని ధీమాలనూ నేర్పుతాయి. పాత రాయి కొత్తదాని మీద కూర్చున్న నాకన్ క్రాగ్ ముందు నిలబడితే గానీ కింది పొరే పాతదన్న ధీమా కదలదు.

ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు, త్రీడీ నమూనాలు వచ్చాక కొండెక్కడం దేనికని ఇంకొందరు అంటారు. 2020లో కరోనా వల్ల అనేక ఫీల్డ్ కోర్సులు తెర మీదికి మారాయి, వాటిలో బాగా నడిచినవీ ఉన్నాయి. ముందస్తు తయారీకి అవి చాలా మేలు. అయితే తెర మీద వచ్చేది ఎవరో ముందే ఎంచి తీసిన దృశ్యం. ఎక్కడ ఆగాలి, ఏ రాయి పగలగొట్టాలి అన్న ఎంపికే ఈ శాస్త్రంలో కష్టమైన భాగం. చంద్రుడి మీదికి వెళ్లాల్సిన పైలట్లను నాసా ఊరికే గ్రాండ్ కాన్యన్‌లో, ఐస్‌లాండ్ లావా నేలల్లో తిప్పలేదు. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ ఉన్న కొద్ది గంటల్లోనే చంద్రుడి రాళ్ల మధ్య నుంచి అతి పురాతనమైన ‘జెనెసిస్ రాక్’ను గుర్తుపట్టగలిగారంటే ఆ శిక్షణే కారణం.

ఆడపిల్లను కొండల్లోకి ఎలా పంపేది అన్న తల్లిదండ్రుల ప్రశ్నను చాదస్తమని కొట్టిపారేయకూడదు. 2014లో వెలువడిన ఒక సర్వేలో వివిధ శాస్త్రాలకు చెందిన 666 మంది క్షేత్ర పరిశోధకులు పాల్గొంటే, 64 శాతం మంది వేధింపులు ఎదురయ్యాయని చెప్పారు. మార్కులు వేసే మనిషి, భోజనం పెట్టే మనిషి, బండి తాళాలున్న మనిషి ఒక్కరే అయినచోట ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి? రాతపూర్వక నియమావళి, బృందంలో మహిళా అధ్యాపకులు, శిబిరంతో సంబంధం లేని ఫిర్యాదు మార్గం లేని కోర్సుకు పంపకపోవడమే మంచిది. కొండ ఎక్కలేని విద్యార్థికి రోడ్డు పక్క రాతితోనే సమానమైన పని ఇవ్వడం కూడా సాధ్యమే. అందుకు మనసు పెట్టని విభాగాలను నిలదీయాలి.

మిగిలింది డబ్బు. ఫీజు, విమానం, వీసా కలిపితే లక్షల్లోనే అవుతుంది. ఉన్నవాళ్ల పిల్లలే వెళ్లగలిగితే ఈ శాస్త్రం వాళ్లదే అయిపోతుంది. మన అవసరాలు చూస్తే అది మనకే నష్టం. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో పైకప్పు కూలి నీరు, బురద, రాళ్లు విరుచుకుపడ్డాయి, లోపల చిక్కుకున్న ఎనిమిది మంది సజీవంగా బయటికి రాలేదు. ఆ ప్రమాదానికి కారణాలు తేల్చడం నిపుణుల పని. సొరంగం తవ్వే ప్రతిచోటా ముందున్న రాయిని పైనుంచే అంచనా వేయగల మనుషులు కావాలన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. భూమిని తవ్వి బతికే సింగరేణి, ఎన్‌ఎండీసీ వంటి సంస్థలు ఏటా కొందరు విద్యార్థుల ఖర్చు భరించాలని అడగడం అత్యాశ కాదు. ఎంపికకు ఇంటర్వ్యూ కంటే, మన జిల్లాల్లోనే ఏదో ఒక గుట్ట మీద విద్యార్థి సొంతంగా గీసిన మ్యాపును అడిగితే చాలు. విద్యార్థి కూడా దరఖాస్తు పెట్టే ముందు ఆ యూనివర్సిటీకి ఒక ఈమెయిల్ రాయాలి. సొంతంగా మ్యాపింగ్ చేసే రోజులు ఎన్ని, బస్సులో తిరిగేవి ఎన్ని, ఒక్కో గురువుకు ఎంతమంది విద్యార్థులు, గీసిన మ్యాపును తప్పులు దిద్ది తిరిగి ఇస్తారా అని అడగాలి. సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సుకు ఫీజు కట్టకూడదు.