ఆవు చేపే వేళకు ముందు

నిద్ర లేవగానే బైబిలు తెరిచి ఒక భాగం చదువుకోవడం, దాన్ని మనసులో తిప్పుకోవడం, ఆ తరవాత ప్రార్థించడం క్రైస్తవ కుటుంబాల్లో పాత అలవాటు. తెలుగు సంఘాల్లో దీన్ని వ్యక్తిగత ప్రార్థన అనీ, వాక్యధ్యానం అనీ అంటారు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే అది కుటుంబ ప్రార్థన. ఆదివారం ఆరాధనకు గంట మోగుతుంది, పాస్టరుగారు ఎదురుచూస్తారు, రాకపోతే అడుగుతారు. పొద్దుటి ప్రార్థనకు అడిగేవాళ్ళు ఉండరు. అందుకే పని మీద పడ్డప్పుడు మొట్టమొదట జారిపోయేది అదే.

దీనికి ఆధారంగా ఎక్కువమంది చూపేది మార్కు సువార్త మొదటి అధ్యాయం, 35వ వచనం. ఇంకా చీకటి ఉండగానే యేసు లేచి, జనం లేని చోటికి వెళ్ళి ప్రార్థించాడని అందులో ఉంది. ఆ వచనాన్ని విడిగా చదివితే అది ప్రశాంతమైన దృశ్యంలా తోస్తుంది. ముందువెనకలు కలిపి చదివితే సంగతి వేరు. ముందురోజు పొద్దుగూకాక కపెర్నహూము ఊరంతా రోగులను మోసుకొచ్చి ఆయన ఉన్న ఇంటి వాకిట్లో నిలబడింది. తెల్లవారాక సీమోనూ అతని తోటివాళ్ళూ వెతుక్కుంటూ వెళ్ళి, అందరూ నీకోసమే చూస్తున్నారన్నారు. అంటే ఆయన లేచి వెళ్ళింది తీరిక దొరికి కాదు, పని గుమ్మం దాకా వచ్చి ఉండగానే. పైగా ఆ ప్రార్థన తరవాత ఆయన వాకిట్లో ఉన్న జనం దగ్గరికి తిరిగి రాలేదు, పక్క ఊళ్ళకు బయలుదేరాడు. ఆ రోజు ఏం చేయాలన్నది వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు నిర్ణయించలేదు. పొద్దుటి ప్రార్థన గురించి ఇంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి లేదు.

నిర్గమకాండం 16వ అధ్యాయంలోని మన్నా కథ కూడా పొద్దుటిదే. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోతుంది, దాచిపెడితే పురుగు పడుతుంది. నిన్నటి పాలు ఇవాళ పాల కేంద్రంలో పనికిరావని తెలిసిన చిత్తూరు జిల్లా ఐరాల ప్రాంతానికి ఈ కథను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ అలవాటును సామాన్యుల ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో మార్టిన్ లూథర్ ముఖ్యుడు. 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పొద్దున లేవగానే చేయవలసిన ప్రార్థనను కొద్ది మాటల్లో చెప్పి, ఆ వెంటనే సంతోషంగా పనికి వెళ్ళమన్నాడు. ఆ ప్రశ్నోత్తరిని బెంజమిన్ షుల్జ్ తెలుగు చేస్తే, 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల్లో దాన్ని లెక్కిస్తారు. అదే జర్మనీలో హెర్న్‌హూట్ అనే పల్లెలో 1728 నుంచి రోజుకొక వాక్యాన్ని ఇంటింటికీ చేర్చే పద్ధతి మొదలైంది. 1731 నుంచి అది ఏటా పుస్తకంగా వస్తోంది. మన దగ్గర హైదరాబాదులోని హెబ్రోను సంఘం స్థాపకుడు భక్త సింగ్ (1903–2000) మోకాళ్ళ మీద ఉండి బైబిలు చదివేవారని ఆయనను ఎరిగినవాళ్ళు చెబుతారు. 1938లో ఎం. దేవదాసు స్థాపించిన బైబిలు మిషనులో దేవుని సన్నిధిలో మౌనంగా ఉండటాన్ని కనిపెట్టడం అంటారు. కాపు కాయడం, ఎదురుచూడడం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఐరాల మండలంలో పొద్దు తొందరగా మొదలవుతుంది. మండలంలోని కాణిపాకంలో వినాయకుడి గుడి తెల్లవారకముందే మేల్కొంటుంది. పాడి ఉన్న ఇళ్ళు, ఏ మతం వారివైనా, ఆ వేళకే లేస్తాయి. పేడ తీయాలి, కసువు ఊడ్చాలి, తవుడు కలపాలి, పాలు పితికి వేళకు కేంద్రంలో పోయాలి. ఆవు చేపాక ఆ కొద్ది నిమిషాల్లోనే పితకాలి, ఆలస్యమైతే పొదుగులో పాలు నిలిచిపోతాయి. ఇలాంటి పనిని ప్రార్థనకు అడ్డమనడం సరికాదు. నోరులేని జీవాన్ని ఆకలితో నిలబెట్టి చేసే ప్రార్థనలో భక్తి కన్నా మొండితనం ఎక్కువ. ప్రార్థన పాలకు ముందు పదిహేను నిమిషాలన్నా ఉండాలి, లేదా క్యాను కేంద్రంలో దించి వచ్చాకనన్నా ఉండాలి. మామిడి కోతల నెలల్లో, తోతాపురి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు రాత్రంతా వరసలో నిలిచిన రైతుకు ఆ రెండూ కుదరవు. అతనికి ట్రాక్టరు సీటే ప్రార్థన గది.

నిజంగా అడ్డుపడేది చేతిలోని ఫోను. పాల బిల్లు పడిందా అన్న సందేహం, చిత్తూరులోనో తిరుపతిలోనో ఉన్న ఆఫీసు వాట్సాప్ గ్రూపు, రాత్రి ఎవరో పంపిన వీడియో, వీటిలో ఏదీ ఆవులా ఆకలితో అరవదు. అయినా కళ్ళు తెరవగానే చెయ్యి అటే పోతుంది. ఒక పనిని సగంలో వదిలి మరో పనికి మళ్ళితే ధ్యాసలో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లిరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది. జవాబివ్వని ఒక్క మెసేజి చూసి బైబిలు తెరిస్తే, కళ్ళు కీర్తన మీద ఉంటాయి, మనసు ఆ జవాబును కూర్చుకుంటూ ఉంటుంది. ఫోనులో బైబిలు చదివేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, ఎందుకంటే వాక్యమూ మెసేజీ ఒకే అద్దం మీదకు వస్తాయి. అచ్చు పుస్తకమే మేలు. ఫోను రాత్రి వేరే గదిలో ఛార్జింగులో ఉంటే ఇంకా మేలు.

కుటుంబ ప్రార్థనలో గమనించవలసింది మరొకటి ఉంది. ఇంటాయన చాప పరుచుకుని కూర్చుంటే, ఆయన భార్య పొయ్యి దగ్గరా కొట్టం దగ్గరా ఒంటరిగా తిరుగుతూ ఉండే ఇళ్ళు తక్కువేం కాదు. ఆమెకు ఆ పావుగంట దొరకాలంటే ఇంకొకరు తవుడు కలపాలి, ఇంకొకరు పిల్లలను లేపాలి. అది కుదిరేదాకా ఆ ఇంట్లో జరిగేది ఒక్కరి ప్రార్థనే, కుటుంబ ప్రార్థన కాదు.

చదువు రానివారికి కంఠత వచ్చిన వచనాలే పుస్తకం. ఆదివారం విన్న ఒక వచనాన్ని వారమంతా నోట్లో నానబెట్టుకునే అవ్వలు పల్లె సంఘాల్లో ఉన్నారు. వారికి దీపం అక్కర్లేదు, కళ్ళజోడు అక్కర్లేదు. దూడను విప్పి, ఆవు చేపేదాకా కుదురుగా కూర్చున్న ఆ రెండు నిమిషాల్లోనే వారి ధ్యానం మొదలవుతుంది.